సైన్యంలో కొలువు: ఏ దారి ఎవరికి?



ధర్మపురి జిల్లా పెన్నాగరం తాలూకాలో ఏరియూరు ఉంది. కావేరికి దగ్గరి మెట్టప్రాంతం. వాన పడితే రాగులు, వేరుశనగ. పడకపోతే బెంగుళూరుకో, తిరుప్పూరుకో కూలికి బస్సెక్కడం. ఇలాంటి ఊళ్ళలో పదో క్లాసు, ప్లస్ టూ ముగించిన కుర్రవాడు ఇంట్లో తరచుగా అనే మాట ఒకటుంది: "నాయనా, నేను మిలిటరీకి పోతా." తండ్రికి గర్వం, తల్లికి దిగులు. కానీ మిలిటరీ అంటే ఏ ఉద్యోగం, ఎన్నేళ్ళు, ఎంత జీతం, తిరిగి వచ్చాక ఏమిటి అన్న ప్రశ్నలకు ఆ ఇంట్లో జవాబు చెప్పేవారు తక్కువ. ఈనాటి ప్రసంగంలో ఆ ప్రశ్నలనే ఒక్కొక్కటిగా విప్పి చూద్దాం. ఏరియూరువారికే కాదు, హోసూరు, కృష్ణగిరి, కుప్పం, కోలారు వైపు వింటున్న తెలుగువారందరికీ ఈ సంగతులు పనికివస్తాయి.

మన ప్రాంతానికి సైన్యం కొత్త కాదు. నీలగిరుల్లో వెల్లింగ్టన్ వద్ద కేంద్రం ఉన్న మద్రాసు రెజిమెంటు తన చరిత్రను 1758 నాటి పటాలాల నుంచి లెక్కపెట్టుకుంటుంది. అందులో తమిళులు, తెలుగువారు, మలయాళీలు, కన్నడిగులు పక్కపక్కన నిలబడ్డారు. బెంగుళూరులోని మద్రాసు ఇంజనీర్ల దళం మూలాలు 1780 నాటివి. వంతెనలు కట్టడం, బాటలు వేయడం, మందుపాతరలు తీయడం వారి పని. ఆ దళానికే చెందిన సుబేదార్ సుబ్రమణ్యం 1944లో తోటివారిని కాపాడడానికి మందుపాతర మీద పడి ప్రాణమిచ్చాడు. జార్జి క్రాస్ అందుకున్న మొదటి భారతీయుడు ఆయనే. ఆంధ్రలో పశ్చిమ గోదావరి జిల్లాలో తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం అనే ఊరుంది. రెండు ప్రపంచ యుద్ధాలకూ అక్కడి నుంచి మనుషులు వెళ్ళారు. అందుకే దాన్ని మిలిటరీ మాధవరం అంటారు. మన వేలూరు జిల్లాలో కమ్మవాన్‌పేట్టై కూడా అలాంటి ఊరే.

ఈ ఊళ్ళు మనకు నేర్పేది ఒకటే. అక్కడ ముందు వెళ్ళినవాడు సెలవుల్లో వచ్చినప్పుడు వెనకవాడికి దారి చెప్పాడు. ఏ కాగితం కావాలి, ఏ పని ఎలా ఉంటుంది అన్నది ఇంటి అరుగు మీదే తెలిసింది. మన ఊళ్ళో అలా చెప్పేవారు లేకపోతే ఆ ఖాళీలోకి దళారి వస్తాడు. దళారి సంగతి చివర్లో చెబుతాను.

ముందు ఒక పెద్ద మార్పు తెలుసుకోవాలి. పాతకాలంలో సిపాయిగా చేరితే పదిహేనేళ్ళు, ఆపైన కొలువు, తర్వాత జీవితాంతం పెన్షను. ఇప్పటికీ చాలామంది పెద్దల మనసులో ఉన్నది ఆ చిత్రమే. 2022 జూన్ 14న కేంద్ర ప్రభుత్వం అగ్నిపథ్ పథకం ప్రకటించింది. అప్పటి నుంచి సిపాయి స్థాయిలో చేరేవారిలో దాదాపు అందరూ అగ్నివీరులుగానే చేరుతున్నారు. అంటే శిక్షణతో కలిపి నాలుగేళ్ళు. నాలుగేళ్ళ తర్వాత వారిలో 25 శాతం వరకు పనితీరును బట్టి శాశ్వత కొలువులోకి తీసుకుంటామనీ, వారు మరో పదిహేనేళ్ళు పనిచేస్తారనీ పథకంలో చెప్పారు. మిగిలినవారు డబ్బు చేత పట్టుకుని ఇంటికి రావాలి. వారికి పెన్షను లేదు, గ్రాట్యుటీ లేదు.

డబ్బు లెక్క వినండి. పథకం ప్రకటించినప్పుడు చెప్పిన ప్రకారం మొదటి ఏడాది నెలకు 30,000 రూపాయలు, రెండో ఏడాది 33,000, మూడో ఏడాది 36,500, నాలుగో ఏడాది 40,000. ఇందులో 30 శాతం సేవానిధికి పోతుంది. చేతికి వచ్చేది మొదటి ఏడాది 21,000, రెండో ఏడాది 23,100, మూడో ఏడాది 25,550, నాలుగో ఏడాది 28,000. కష్టమైన చోట పనిచేస్తే దానికి భత్యం వేరు. నాలుగేళ్ళలో చేతికి అందే జీతం మొత్తం కూడితే 11 లక్షల 71 వేల 800 రూపాయలు. సేవానిధిలో సిపాయి దాచేది 5 లక్షల 2 వేలు. ప్రభుత్వం అంతే కలుపుతుంది. వడ్డీతో కలిసి సుమారు 11 లక్షల 71 వేలు చివర్లో ఒకేసారి వస్తాయి. దాని మీద ఆదాయపు పన్ను లేదు. చూడండి, నెలనెలా చేతికి వచ్చినంతే మళ్ళీ చివర్లో మూటగా వస్తుంది.

ఈ లెక్కను ఇంట్లో అందరూ కూర్చుని చెప్పుకోవాలి. ఎందుకంటే తిండి, బట్ట, పడక సైన్యమే చూస్తుంది కనుక నెల జీతంలో చాలా భాగం ఇంటికి పంపవచ్చు. కుర్రవాడు మొదటి జీతం పంపగానే అక్క పెళ్ళికి అప్పు చేసి, బోరు వేయడానికి మరో అప్పు చేసి, నాలుగేళ్ళ తర్వాత వచ్చే మూటను ముందే తినేసిన ఇల్లు అతని భవిష్యత్తును తినేసినట్టే. ఆ మూట ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళ యువకుడు రెండోసారి జీవితం మొదలుపెట్టడానికి ఇచ్చిన విత్తనం. విత్తనపు గింజలు వండుకుంటే మరుసటి ఏటికి చేను ఉండదు.

ప్రాణాపాయం సంగతి దాచడం న్యాయం కాదు. ఆంధ్రలో కర్ణాటక సరిహద్దున ఉన్న శ్రీ సత్యసాయి జిల్లా గోరంట్ల మండలం కల్లితండా నుంచి అగ్నివీరుడిగా వెళ్ళిన మురళీ నాయక్ 2025 మే 9న జమ్మూ కాశ్మీరులో నియంత్రణ రేఖ వద్ద పాకిస్తాన్ కాల్పుల్లో వీరమరణం పొందాడు. అంతకుముందు 2021 డిసెంబరు 8న మన కూనూరు దగ్గర కూలిన హెలికాప్టరులో జనరల్ బిపిన్ రావత్‌తో పాటు చిత్తూరు జిల్లా యువకుడు లాన్స్ నాయక్ సాయితేజ కూడా కన్నుమూశాడు. అగ్నివీరుడికి 48 లక్షల రూపాయల జీవిత బీమా ఉంది. దానికి అతను వాటా కట్టనక్కరలేదు. విధి నిర్వహణ కారణంగా మరణిస్తే 44 లక్షల అదనపు సాయం, మిగిలిన కాలపు జీతం, సేవానిధి కుటుంబానికి ఇస్తారు. పాత సిపాయి కుటుంబానికి ఉన్నట్టు కుటుంబ పెన్షను మాత్రం పథకంలో లేదు. ఇది తెలిసే తల్లిదండ్రులు సరే అనాలి, తెలిసే కుర్రవాడు అడుగు వేయాలి.

ఇక అసలు విషయం. సైన్యంలో చేరడం అంటే ఒక్క పని కాదు. దరఖాస్తులో మీరు ఏ విభాగం రాస్తారో దాన్ని బట్టి నాలుగేళ్ళ పని, ఆ తర్వాతి బతుకు చాలావరకు తేలుతుంది. పదాతి దళం సరిహద్దు మీద నిలబడుతుంది, నిజమే. కానీ దాని వెనక ఫిరంగి దళం, ట్యాంకులు నడిపేవారు, సంకేతాల విభాగం, ఇంజనీర్లు, బండ్లు బాగుచేసేవారు, సరుకులు అందించేవారు, ఆసుపత్రివారు ఉంటారు.

మొదటిది జనరల్ డ్యూటీ. పదో క్లాసు మొత్తం మీద 45 శాతం, ఒక్కో సబ్జెక్టులో 33 శాతం మార్కులతో పాసై ఉండాలి. ఎక్కువ మందిని తీసుకునేది ఇందులోనే. పదాతి దళానికే పంపుతారని లేదు. ఫిరంగి దళానికి, ఇంజనీర్లకు, ఇతర దళాలకు కూడా పంపుతారు. ఒంట్లో సత్తువ, ఆరుబయట బతుకు ఇష్టం ఉన్నవారికి ఇది సరైన దారి.

రెండోది టెక్నికల్. ప్లస్ టూలో భౌతిక, రసాయన శాస్త్రాలు, గణితం, ఇంగ్లీషు చదివి, మొత్తం 50 శాతం, ఒక్కొక్కదానిలో 40 శాతం తెచ్చుకున్నవారికి. పదో క్లాసు తర్వాత ఐటీఐ, డిప్లొమా చేసినవారికి కూడా ప్రకటనలో చెప్పిన షరతులతో అవకాశం ఉంది. రాడార్లు, వైర్లెస్సు, ఇంజన్లు, విద్యుత్తు పరికరాలు వీరి చేతిలో ఉంటాయి. సికింద్రాబాదులోని ఈఎంఈ కేంద్రం ఇలాంటి పనులు నేర్పే పెద్ద బడి. నాలుగేళ్ళ తర్వాత హోసూరు కర్మాగారాల గేటు ముందు నిలబడినప్పుడు ఈ చేతిపని మాట్లాడుతుంది.

మూడోది గుమాస్తా, స్టోర్‌కీపర్ పని. ప్లస్ టూ ఏ గ్రూపయినా సరే, మొత్తం 60 శాతం, ఒక్కో సబ్జెక్టులో 50 శాతం కావాలి. ఇంగ్లీషు, లెక్కలు లేదా అకౌంట్సు మీద పట్టు చూస్తారు. ఈమధ్య టైపింగు పరీక్ష కూడా పెట్టారు. రిజిస్టర్లు, సామాను లెక్కలు, కంప్యూటరు పని. సికింద్రాబాదులోని ఆర్డినెన్సు కేంద్రం, బెంగుళూరులోని ఆర్మీ సర్వీసు కోర్ కేంద్రం సరుకుల వ్యవహారానికి పేరుపడ్డవి. నిలవల లెక్క రాయడం వచ్చినవాడికి బయట గోదాముల్లో, దుకాణాల్లో పని దొరకడం సులువు.

నాలుగోది ట్రేడ్స్‌మన్. పదో క్లాసు పాసైనవారికి కొన్ని, ఎనిమిదో క్లాసు పాసైనవారికి కొన్ని. వంట, బట్టలు కుట్టడం, క్షౌరం, చాకలి పని, మెస్సు పని, ఇంటి శుభ్రత మొదలైనవి. ఇక్కడ రెండు మాటలు చెప్పాలి. ఒకటి, ఈ పనులు తక్కువవని ముఖం తిప్పుకోవద్దు. వేయిమందికి వేళకు అన్నం పెట్టగలిగిన వంటవాడికి ఏ ఊళ్ళోనైనా గిరాకీ ఉంది. రెండు, ప్లస్ టూలో మంచి మార్కులు ఉన్న పిల్లవాడు పోటీ తక్కువన్న ఆశతో ఎనిమిదో క్లాసు విభాగానికి రాయవద్దు. చదువుకు తగ్గ మెట్టు వదిలి కింది మెట్టు ఎక్కితే తర్వాత అనుకున్నప్పుడు మార్చుకోవడం సులువు కాదు.

ఆడపిల్లలకూ దారి ఉంది. మిలిటరీ పోలీసు విభాగంలో మహిళల ఎంపిక 2019లో మొదలైంది. మొదటి జట్టు 2021 మేలో బెంగుళూరు కేంద్రం నుంచి శిక్షణ ముగించుకుని వచ్చింది. చెన్నైలోని ఆఫీసర్ల శిక్షణ అకాడమీ 1992 నుంచి మహిళా ఆఫీసర్లకు శిక్షణ ఇస్తోంది. ఎన్‌డీఏలో 2022 నుంచి అమ్మాయిలు చేరుతున్నారు.

ఆఫీసరు మాట వచ్చింది గనుక ఇదీ వినండి. బాగా చదివే పిల్లవాణ్ణి సిపాయి వరసలో నిలబెట్టే ముందు ఒక్కసారి ఆగండి. ప్లస్ టూ చదువుతూనే ఎన్‌డీఏ పరీక్ష రాయవచ్చు. డిగ్రీ తర్వాత సీడీఎస్ పరీక్ష ఉంది. రెండూ యూపీఎస్సీ ఏడాదికి రెండుసార్లు జరుపుతుంది. ఆ దారిలో చేరితే నాలుగేళ్ళ గడువు లేదు. గల్వాన్‌లో 2020 జూన్ 15న ప్రాణమిచ్చిన సూర్యాపేట వాసి కల్నల్ సంతోష్ బాబు కోరుకొండ సైనిక పాఠశాలలో చదివి, ఎన్‌డీఏ గుండా వెళ్ళినవాడే. మన పక్కన తిరుప్పూరు జిల్లాలో అమరావతినగర్ సైనిక పాఠశాల 1962 నుంచి ఉంది. ఆంధ్రలో కలికిరిలో మరొకటి ఉంది. ఆరో క్లాసులో, తొమ్మిదో క్లాసులో ప్రవేశ పరీక్ష పెడతారు. ఐదో క్లాసు పిల్లలున్న తల్లిదండ్రులు ఈ సంగతి ఇప్పుడే గుర్తు పెట్టుకోవాలి.

ఎంపిక ఎలా జరుగుతుందో చూద్దాం. 2023 నుంచి పద్ధతి తిరగబడింది. పూర్వం ముందు పరుగు, తర్వాత పరీక్ష. ఇప్పుడు ముందు కంప్యూటరు మీద రాతపరీక్ష, అందులో నెగ్గినవారికే ర్యాలీ. దరఖాస్తు సైన్యం సొంత వెబ్‌సైటులోనే చేయాలి. ధర్మపురి, కృష్ణగిరి జిల్లాలవారు కోయంబత్తూరు ఆర్మీ రిక్రూటింగ్ ఆఫీసు కిందికి వస్తారు. చిత్తూరు వైపువారికి గుంటూరు ఆఫీసు, కోలారు వైపువారికి బెంగుళూరు. బంధువులు ఆంధ్రలో ఉన్నారని అక్కడి అడ్రసుతో రాయకండి. నివాసం ఏ జిల్లాదో ఆ జిల్లా ఆఫీసుకే రాయాలి. సరిహద్దు పిల్లలు ఇక్కడే ఎక్కువగా చిక్కుకుంటారు.

భాష గురించి ఒక మంచి వార్త. 2025 నుంచి ఈ రాతపరీక్ష తెలుగు, తమిళం, కన్నడంతో సహా 13 భాషల్లో రాయవచ్చు. మన పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బడిలో తమిళం చదువుతారు. పరీక్షకు ఇంటి భాష మీద ప్రేమతో కాక, లెక్క, సైన్సు ఏ భాషలో చదివారో ఆ భాష ఎంచుకోవాలి. తెలుగు చదవడం రానివాడు తెలుగు ప్రశ్నపత్రం తీసుకుంటే తెలిసిన జవాబు కూడా తప్పిపోతుంది. తప్పు జవాబుకు మార్కులు కోస్తారు కనుక తెలియనిది వదిలేయడం మేలు. ఎంపికయ్యాక పటాలంలో ఆజ్ఞలు, మాటామంతీ హిందీలో ఉంటాయి. కొద్దిగా ముందే నేర్చుకుంటే మొదటి నెలలు తేలికవుతాయి. మూడు భాషల మధ్య పెరిగిన సరిహద్దు పిల్లవాడికి నాలుగోది పెద్ద బరువు కాదు.

ఒంటి కొలతలు. దక్షిణాది రాష్ట్రాలవారికి జనరల్ డ్యూటీకి ఎత్తు 166 సెంటీమీటర్లు, టెక్నికల్‌కు 165, గుమాస్తాకు 162. రొమ్ము 77 సెంటీమీటర్లు ఉండి, ఊపిరి పీల్చినప్పుడు 5 సెంటీమీటర్లు పెరగాలి. వయసు పదిహేడున్నర ఏళ్ళు నిండాలి. పై హద్దు పథకంలో 21 ఏళ్ళని ప్రకటించి, మొదటి సంవత్సరానికి మాత్రం 23 చేశారు. ఏ ఏటి ప్రకటనలో ఏ పుట్టిన తేదీలు ఇస్తే ఆ ఏడాదికి అవే హద్దు. పెళ్ళి కానివారే అర్హులు.

పరుగు 1.6 కిలోమీటర్లు. 5 నిమిషాల 30 సెకన్లలోపు ముగిస్తే పూర్తి 60 మార్కులు. అంటే 400 మీటర్ల చుట్టు ఒక్కొక్కటి 82 సెకన్లలో తిరగాలి. కడ్డీ పట్టుకుని పది పుల్‌అప్‌లు తీస్తే 40 మార్కులు, ఆరు తీస్తే 16. తొమ్మిది అడుగుల కందకం దూకాలి, వంకర దూలం మీద పడకుండా నడవాలి. ఇవి వారం రోజుల్లో వచ్చేవి కావు. నాలుగైదు నెలల ముందు నుంచి రోజూ తెల్లవారక ముందే పరుగెత్తాలి. ఎక్కువమంది పరుగులో గట్టెక్కి కడ్డీ దగ్గర మార్కులు పోగొట్టుకుంటారు. చింతకొమ్మకో, బడిలోని కడ్డీకో రోజూ వేలాడండి.

వైద్య పరీక్షలో చూపు, రంగుల గుర్తింపు, చెవులు, పళ్ళు, పాదాలు, మోకాళ్ళు చూస్తారు. చెవిలో గుబిలి పేరుకుని వెనక్కి వచ్చినవారు ఉంటారు. ధర్మపురి, కృష్ణగిరి జిల్లాల్లో భూగర్భ జలంలో ఫ్లోరైడు ఎక్కువ. దానికోసమే హొగెనక్కల్ తాగునీటి పథకం తెచ్చి 2013లో ప్రారంభించారు. బోరు నీళ్ళతో పెరిగిన పిల్లలు పళ్ళు, కీళ్ళు ముందే ప్రభుత్వాసుపత్రిలో చూపించుకోవాలి. పచ్చబొట్టు ముంజేతి లోపలి వైపు, అరచేతి వెనక వైపు మాత్రమే అనుమతిస్తారు. గిరిజనుల ఆచారానికి సడలింపు ఉంది. సరదాకి భుజం మీద బొమ్మ వేయించుకోబోయే తమ్ముడు ఇది విని ఆగితే మంచిది.

కాగితాల సంగతి మరీ ముఖ్యం. తమిళనాడులో పేరు ముందు తండ్రి పేరులోని మొదటి అక్షరం రాస్తారు. తెలుగువారు కొందరు ఇంటిపేరు కూడా కలుపుతారు. బడి సర్టిఫికెట్టులో ఒకటి, ఆధార్‌లో ఒకటి, కుల ధ్రువపత్రంలో మరొకటి ఉంటే ర్యాలీ గేటు దగ్గరే ఇబ్బంది. పదో క్లాసు సర్టిఫికెట్టులో ఉన్న పేరే, పుట్టిన తేదీయే ఆధారం. మిగిలినవన్నీ దానికి సరిపోయేలా ఇప్పుడే దిద్దించుకోండి. తండ్రి పేరు, తల్లి పేరు కూడా చూసుకోండి. నివాస, కుల, నడవడి పత్రాలు, పెళ్ళి కాలేదన్న పత్రం వీఏఓ, తాలూకా ఆఫీసుల చుట్టూ తిరగకుండా రావు. ప్రకటన వచ్చాక మొదలుపెడితే చాలదు. ఎన్‌సీసీ సర్టిఫికెట్టు ఉంటే అదనపు మార్కులు ఉన్నాయి. కాలేజీలో చేరే పిల్లలు ఆ అవకాశం వదలవద్దు.

ఇక దళారి. "నాకు లోపల మనిషి తెలుసు, రెండు లక్షలివ్వు, పని అవకపోతే వాపసు" అంటాడు. అతని లెక్క చాలా సులువు. పదిమంది దగ్గర తీసుకుంటాడు. వారిలో ఇద్దరు తమ సొంత సత్తాతో ఎంపికవుతారు. ఆ ఇద్దరి డబ్బు మింగి, తానే చేయించానంటాడు. మిగిలినవారికి రేపు మాపు అంటూ తిప్పుతాడు. రాతపరీక్ష కంప్యూటరు దిద్దుతుంది, పరుగు గడియారం కొలుస్తుంది. మధ్యలో డబ్బు కూర్చునే చోటు లేదు. ఆవును అమ్మి, పుస్తె తాకట్టు పెట్టి ఇచ్చిన సొమ్ము కుటుంబాన్ని ముంచుతుందే తప్ప కుర్రవాణ్ణి సైన్యంలో పెట్టదు.

చివరగా, తిరిగి వచ్చాక ఏమిటన్న ప్రశ్న. తొలి అగ్నివీరులు 2022 చివర, 2023 మొదట్లో చేరారు. వారి నాలుగేళ్ళు 2026 చివరికి, 2027 మొదటికి నిండుతాయి. కేంద్ర సాయుధ పోలీసు దళాల్లో, అస్సాం రైఫిల్స్‌లో 10 శాతం ఖాళీలు మాజీ అగ్నివీరులకు కేటాయిస్తామని, వయసులో సడలింపు ఇస్తామని 2022లోనే ప్రకటించారు. పదో క్లాసుతో చేరినవారికి జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ ద్వారా ప్లస్ టూ సర్టిఫికెట్టు, ఇగ్నో ద్వారా డిగ్రీ ఏర్పాట్లు కూడా చెప్పారు. వీటిని వాడుకోవడం పిల్లవాడి చేతిలో ఉంది. బారకులో సాయంత్రం గంట పుస్తకం తీసేవాడికీ, సెల్‌ఫోను తీసేవాడికీ నాలుగేళ్ళ చివర తేడా కనిపిస్తుంది.

కనుక తమ్ముళ్ళారా, దరఖాస్తు నింపే ముందు ఒక కాగితం మీద మూడు ప్రశ్నలు రాసుకోండి. నా చదువుకు తగ్గ విభాగం ఏది? శాశ్వత కొలువు దొరికితే పందొమ్మిదేళ్ళు ఈ పని చేయగలనా? దొరకకపోతే ఐదో ఏట ఈ పనితోనూ, ఆ మూటతోనూ ఏం చేస్తాను? మూడో ప్రశ్నకు జవాబు ఉన్నవాడు ధైర్యంగా వెళ్ళవచ్చు. జవాబు లేనివాడు ఇంట్లో కూర్చుని అమ్మానాన్నలతో, బడి పంతులుగారితో మాట్లాడి జవాబు వెతుక్కుని వెళ్ళాలి. తల్లిదండ్రులారా, మీరు కూడా ఆ మాటల్లో కూర్చోండి. పంపేటప్పుడు కన్నీళ్ళు వస్తే తప్పు లేదు. లెక్క తెలియకుండా మాత్రం పంపవద్దు.